డిజిటల్ నైపుణ్యం సిలబస్‌లోకి వచ్చింది, పరీక్షలోకి రాలేదు

క్లుప్తంగా: ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి వారికైనా కోడింగ్, డేటా, సిమ్యులేషన్ (కంప్యూటర్‌లో నమూనా నడిపి చూడటం) తెలియాలని నిబంధనలు మారి చాలా ఏళ్లయింది. కొత్త సబ్జెక్టులొచ్చాయి, కొత్త బ్రాంచీలొచ్చాయి. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ పాఠాల లోపలికి మాత్రం కంప్యూటర్ ఇంకా పూర్తిగా వెళ్లలేదు. కంప్యూటర్లు, లైసెన్సులు, అధ్యాపకుల కొరత ఇందుకు కొంత కారణం. మార్కులు వేసే పద్ధతి అంతకన్నా పెద్ద కారణం. కృత్రిమ మేధ వచ్చాక ఆ పద్ధతిని మార్చక తప్పని పరిస్థితి ఏర్పడింది.

గొలుసు, డ్రోన్

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. నూరేళ్ల నాటి కొలతల స్థానంలో కొత్తవి రాయడానికి ఊళ్ల మీద డ్రోన్లు ఎగిరాయి. ఉపగ్రహ సంకేతాలు అందుకుని, హద్దురాయి ఎక్కడుందో సెంటీమీటర్ల తేడాతో చెప్పే రోవర్లు గ్రామ సర్వేయర్ల చేతికొచ్చాయి. సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి సర్వే ల్యాబ్‌లో అడుగుపెడితే చాలాచోట్ల మొదట కనిపించేవి మాత్రం గొలుసు, ప్రిజ్మాటిక్ కంపాస్, ప్లేన్ టేబుల్. దూరాలు, కోణాలు ఎలక్ట్రానిక్‌గా కొలిచే టోటల్ స్టేషన్ ఒకటుంటే బ్యాచి మొత్తం చుట్టూ నిలబడి చూస్తుంది. డ్రోన్ తీసిన ఫొటోలను కలిపి మ్యాపు తయారు చేసే పని చాలామందికి నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తగలదు.

గొలుసు నేర్పడం తప్పేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఎడ్మండ్ గంటర్ 1620లో రూపొందించిన గొలుసు పొడవు 66 అడుగులు. మన గుంట 121 చదరపు గజాలు, అంటే 33 అడుగుల చదరం. దాని ఒక్కో పక్క ఆ గొలుసులో సరిగ్గా సగం. పాత సర్వే పటాలు చదవాలంటే ఆ కొలమానం తెలిసి ఉండాలి. రోవర్ చూపించే హద్దుకీ పాత పటంలోని హద్దుకీ పొంతన కుదరనప్పుడు, తేడా ఎక్కడ మొదలైందో కనిపెట్టగలిగిన వాళ్లే ఇవాళ రైతుకు అవసరం. ఆ నేర్పు గొలుసు ఒక్కదానితో రాదు, రోవర్ ఒక్కదానితోనూ రాదు. ఒకే పొలాన్ని రెండిటితోనూ కొలిచి, తేడా ఎందుకొచ్చిందో రాయమంటే వస్తుంది. ఇంజనీరింగ్ చదువులో డిజిటల్ నైపుణ్యం కలపడమంటే ఇదే. జరుగుతున్నది వేరు.

ఒకే మాట, మూడు అర్థాలు

డిజిటల్ నైపుణ్యం అన్నప్పుడు అందరూ ఒకే విషయం చెప్పడం లేదు. తల్లిదండ్రులకు అది కోడింగ్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలేజీ కరపత్రాల్లో అది ఆటోక్యాడ్, స్టాడ్ ప్రో, మాట్‌ల్యాబ్, యాన్సిస్ లాంటి ప్యాకేజీల జాబితా. మూడో అర్థం తక్కువ వినబడుతుంది. తన బ్రాంచిలోని ఒక సమస్యను కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలో పెట్టడం, దానికి కావలసిన కొలతలు సంపాదించడం, వచ్చిన జవాబు నమ్మదగిందో కాదో తేల్చుకోవడం.

మొదటి రెండూ విడి సబ్జెక్టులుగా నేర్పవచ్చు. మూడోది అలా కుదరదు. అది జలశాస్త్రం, యంత్రాల డిజైన్, విద్యుత్ వ్యవస్థల పాఠాల్లోనే ఉండాలి. అందువల్ల దానికి విడిగా టైమ్‌టేబుల్ ఉండదు, విడిగా సర్టిఫికెట్ రాదు. విడిగా కనబడనిది ప్రచారానికీ పనికిరాదు. వెనకబడిపోవడానికి అదొక కారణం.

కాగితాల మీద వచ్చిన మార్పు

ఇంజనీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారత్ 2014 జూన్‌లో శాశ్వత సభ్యురాలైంది. దానికి తగ్గట్టు, కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ ఎన్‌బీఏ పెట్టిన లక్ష్యాల్లో ఐదోది ఆధునిక పరికరాల వాడకం. అందులో ఓ ముఖ్యమైన షరతు ఉంది. పరికరాన్ని వాడటంతో పాటు దాని పరిమితులు కూడా విద్యార్థికి తెలియాలి.

2018లో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ మోడల్ సిలబస్ తెచ్చి డిగ్రీ మొత్తాన్ని 160 క్రెడిట్లకు కుదించింది. మొదటి ఏడాదిలో అన్ని బ్రాంచీలకూ ప్రోగ్రామింగ్ వచ్చింది. డ్రాయింగ్ బోర్డు, మినీ డ్రాఫ్టర్ల పక్కన కంప్యూటర్ చేరింది. కొత్త టెక్నాలజీల్లో 18 నుంచి 20 క్రెడిట్లు అదనంగా చేస్తే మైనర్ డిగ్రీ ఇచ్చే వీలు కలిగింది. 2017లో మొదలైన స్వయం పోర్టల్ కోర్సుల ద్వారా 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకునే అవకాశాన్ని 2021 నిబంధనలు ఇచ్చాయి.

2020-21 నుంచి కథ మరో దారి పట్టింది. కృత్రిమ మేధ, డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ పేర్లతో కంప్యూటర్ సైన్స్‌కు అనుబంధ బ్రాంచీలు పుట్టుకొచ్చాయి. 2024-25లో ఒక్కో బ్రాంచిలో సీట్ల సంఖ్యపై ఉన్న పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. అన్ని బ్రాంచీల్లోకీ పాకాల్సిన డిజిటల్ నైపుణ్యం ఒక్క బ్రాంచి పేరుగా స్థిరపడింది. సీట్లు అటు పెరిగాయి, సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి కోర్ బ్రాంచీల సెక్షన్లు తగ్గాయి. సెక్షన్లు తగ్గిన డిపార్ట్‌మెంట్‌లో కొత్త అధ్యాపకుల నియామకం ఉండదు, ల్యాబ్‌కు కొత్త పరికరాలు కొనరు. పాతబడిన ల్యాబ్ చూసి మరుసటి ఏడాది మరికొందరు ఆ బ్రాంచి వద్దనుకుంటారు. డిజిటల్ చదువు పేరుతో వచ్చిన మార్పు, దాని అవసరం ఎక్కువగా ఉన్న బ్రాంచీలనే బలహీనపరిచింది.

అవసరం ఎక్కువని ఎందుకు అనాలి? స్మార్ట్ మీటర్ల సంగతే చూడవచ్చు. 2021లో ఆమోదం పొందిన కేంద్ర పథకం కింద దేశంలో 25 కోట్ల మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. అరగంటకో రీడింగ్ చొప్పున ఒక్క మీటరు రోజుకు 48, ఏడాదికి 17,520 అంకెలు పంపుతుంది. వెయ్యి ఇళ్లున్న కాలనీ నుంచి ఏడాదికి కోటీ డెబ్బై అయిదు లక్షల రీడింగులు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎప్పుడు ఎక్కువవుతోంది, ఏ ఫీడర్‌లో నష్టం ఎక్కువ అన్న జవాబులు వాటిలోనే ఉంటాయి. ఆ అంకెలను వడకట్టడం ఒక్క ప్రోగ్రామర్ వల్ల కాదు. ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏమిటో తెలిసినవారు అక్కడ ఉండాలి.

అసలు ముడి పరీక్షలో ఉంది

హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్, 60 మార్కులు ఎక్స్‌టర్నల్. ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూల్లో అవి 30, 70. ఎక్స్‌టర్నల్ పేపర్ అనుబంధ కాలేజీలన్నిటికీ ఒకటే. వేలమంది ఒకేసారి, మూడు గంటల్లో, పెన్నుతో రాయాలి. వేరే ఊళ్లో దిద్దేవారికి అందరి జవాబూ ఒకేలా ఉంటేనే మార్కులు వేయడం సులువు.

ఈ అచ్చులో ఏది పడుతుందో అదే ప్రశ్న అవుతుంది. ఎలక్ట్రికల్‌లో, ఏ లైన్‌లో ఎంత విద్యుత్ పారుతుందో లెక్కించే లోడ్ ఫ్లో పాఠాన్నే తీసుకుంటే, రాష్ట్ర గ్రిడ్‌లో సబ్‌స్టేషన్లు వందల్లో ఉంటాయి. పరీక్షలో వచ్చేది మూడు బస్సుల (లైన్లు కలిసే కేంద్రాల) చిన్న నెట్‌వర్క్, క్యాలిక్యులేటర్‌తో ఒక ఇటరేషన్, అంటే లెక్కను ఒక్కసారి తిప్పడం. పద్ధతి అర్థమైందో లేదో చూడటానికి అది మంచి ప్రశ్నే. ఆ తర్వాత అడగాల్సినవి మాత్రం ఆగిపోతాయి. లెక్క ఎందుకు కలవడం లేదు, ఒక లైన్ తెగితే మిగతావాటి మీద ఎంత భారం పడుతుంది లాంటివి మూడు గంటల పేపర్లో ఇమడవు. పైథాన్ ప్రోగ్రామును సైతం చాలాచోట్ల తెల్లకాగితం మీద రాయిస్తున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుంటే తప్పు దొరికే చోటు, సరిచేసుకునే అలవాటు, అవి రెండూ కాగితం మీద ఉండవు.

ల్యాబ్ పరీక్ష ఈ లోటు తీర్చాలి. అక్కడ మరో చిక్కుంది. పన్నెండో పద్నాలుగో ప్రయోగాలు, అందరికీ అవే ఇన్‌పుట్‌లు. ఇన్‌పుట్ ఒకటైతే అవుట్‌పుట్ కూడా ఒకటే. సీనియర్ రికార్డు చూసి రాసినా, సొంతంగా చేసినా ఎగ్జామినర్ కంటికి తేడా కనిపించదు. ఒక పూటలో ముప్పై మందిని చూడాల్సిన ఎగ్జామినర్ ఒక్కొక్కరి వైవాకు ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. 2018లో ఏఐసీటీఈ అధ్యాపక విద్యార్థి నిష్పత్తిని 1:15 నుంచి 1:20కి సడలించింది. కాగితాల మీద చిన్నగా కనబడే ఆ మార్పు ఒక్కో విద్యార్థికి దక్కే సమయంలో నాలుగో వంతు తగ్గించింది. విడివిడిగా మదింపు చేయాలన్న డిమాండ్ పెరుగుతున్న కాలంలో చేతులు తగ్గాయి.

ఖర్చులేని మార్గం ఒకటి పాత డ్రాయింగ్ మాస్టార్లకు బాగా తెలుసు. హాల్‌టికెట్ చివరి రెండంకెలను బట్టి కొలతలు మార్చి ఇవ్వడం. ఒకరి దూలం పొడవు 5.17 మీటర్లయితే పక్కవారిది 5.18. సిమ్యులేషన్ ల్యాబ్‌లో ఇదే చేస్తే నకలు రికార్డు అక్కరకు రాదు. జవాబులు సరిచూసుకోవడానికి అధ్యాపకుడు ఓ చిన్న ప్రోగ్రాము రాసుకుంటే చాలు.

డబ్బు, మనుషులు, అమీర్‌పేట

వాణిజ్య ప్యాకేజీల లైసెన్సులు ఖరీదైనవన్న మాట నిజమే. కానీ ఇప్పుడు అది మొదటి అడ్డంకి కాదు. ఆటోడెస్క్ విద్యార్థులకు ఉచితంగా ఇస్తోంది. యాన్సిస్ విద్యార్థి వెర్షన్‌లో సమస్య పరిమాణానికే పరిమితి. క్యూజీఐఎస్, ఫ్రీక్యాడ్, సైల్యాబ్, ఓపెన్‌ఫోమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఎవరైనా వాడుకోవచ్చు. ఐఐటీ బాంబేలోని ఫాసీ ప్రాజెక్టు వీటికి పాఠాలు తయారు చేసింది. ఐఐఐటీ హైదరాబాద్ భాగస్వామిగా ఉన్న వర్చువల్ ల్యాబ్స్‌లో బ్రౌజర్‌లోనే ప్రయోగాలు చేయవచ్చు.

మనుషుల కొరత దీనికంటే గట్టిది. కాంక్రీట్ డిజైన్ ఇరవై ఏళ్లుగా చెబుతున్న అధ్యాపకుడికి పైథాన్ రాదు, పైథాన్ చెప్పే కంప్యూటర్ అధ్యాపకుడికి కాంక్రీట్ తెలియదు. ఇద్దరూ కలిసి ఒక ల్యాబ్ షీట్ రాస్తే సమస్య సగం తీరుతుంది. ఇద్దరి పనిభారం వేర్వేరు డిపార్ట్‌మెంట్ల లెక్కల్లో ఉండటంతో ఆ కలయికకు గంటలు కేటాయించే గడి ఏ టైమ్‌టేబుల్‌లోనూ లేదు.

ఈ ఖాళీని ఏళ్లుగా హైదరాబాద్‌లోని అమీర్‌పేట పూడుస్తోంది. మెకానికల్ పూర్తిచేసినవారు కాటియా కోసం, సివిల్ వారు స్టాడ్ ప్రో, రెవిట్ కోసం అక్కడి కోచింగ్ సెంటర్లకు వెళ్తారు. తక్కువ రోజుల్లో చేతికి పని అలవాటు చేయడంలో ఆ సెంటర్ల సామర్థ్యాన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు. అయితే అక్కడ నేర్పేది ఏ మెనూలో ఏముందన్నది. ఆ మెనూ వెనక జరిగే లెక్క కాలేజీలోనే తెలియాలి. కాలేజీలో ఆ లెక్క చెప్పినప్పుడు మెనూ చూపించలేదు, మెనూ చూసేసరికి లెక్క మరుపున పడింది.

స్లీప్‌నర్ మునిగిన రోజు

మెనూ ఒక్కటే తెలిస్తే ఏమవుతుంది? ఇంజనీరింగ్ చరిత్రలో దీనికి నార్వే ఒక ఖరీదైన జవాబిచ్చింది. 1991 ఆగస్టు 23న స్టావెంగర్ దగ్గరి గాండ్స్‌ఫియోర్డ్‌లో స్లీప్‌నర్-ఏ అనే చమురు, గ్యాస్ వేదికకు కాంక్రీట్ పునాదిని పరీక్ష కోసం నెమ్మదిగా నీళ్లలోకి దించుతున్నారు. సుమారు 65 మీటర్ల లోతు ఒత్తిడికి, పునాదిలోని గదుల్లాంటి అరల్లో ఒకదాని గోడ పగిలింది. నీరు లోపలికి దూసుకొచ్చింది, నిర్మాణమంతా మునిగి అడుగున ముక్కలైంది. మీదున్నవారంతా బయటపడ్డారు. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు.

డిజైన్‌కు వాడిన ఫైనైట్ ఎలిమెంట్ ప్రోగ్రాము (నిర్మాణాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి బలాలు లెక్కించేది) పేరున్నదే. దానికిచ్చిన మోడల్‌లో తేడా ఉంది. అరలు కలిసే మూల దగ్గర గోడను మరీ పెద్ద ముక్కలుగా విడగొట్టారు. దాంతో అక్కడి కోత బలాన్ని (షియర్) ప్రోగ్రాము 47 శాతం తక్కువగా చూపింది. ఆ అంకెను బట్టి ఉక్కు తక్కువ వేశారు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా చేసిన విశ్లేషణలో గోడ 62 మీటర్ల దగ్గరే పగలాలని తేలింది.

ఆ గోడ మీద నీటి ఒత్తిడిని, ఆధారాల దగ్గర కోత బలాన్ని దూలం సూత్రాలతో చేత్తో వేసి చూడవచ్చు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చదివిన రెండో ఏడాది విద్యార్థికి ఆ సూత్రాలు అందుబాటులోవే. జవాబు అచ్చంగా రాదు. కానీ కంప్యూటర్ చెప్పిన అంకెకు రెట్టింపు దాకా వస్తుంటే ఆగి చూడాలన్న అనుమానం వస్తుంది. ఎన్‌బీఏ ఐదో లక్ష్యంలోని ‘పరిమితులు తెలియడం’ అన్న మాటకు అర్థం ఇది. ప్యాకేజీలు నేర్పడానికి పాత లెక్కలు తగ్గించాలనే వాదన వినిపించినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు రావాలి. చేతి లెక్క కంప్యూటర్‌కు పోటీ కాదు, కాపలా.

ఊరి చెరువు ఒక ల్యాబ్

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ కోసం లెక్క వేసినప్పుడు తేలిన చిన్న నీటి వనరులు 46 వేలకు పైనే. ఆంధ్ర వైపూ గొలుసుకట్టు చెరువులకు లోటు లేదు. ఏ కాలేజీకైనా ఒకటి రెండు గంటల దూరంలో చెరువు ఉంటుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో సంస్థ ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఉపగ్రహం నుంచి తయారైన 30 మీటర్ల ఎత్తుల పటం ఉచితంగా దొరుకుతుంది. పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో దాన్ని తెరిచి, అలుగు దగ్గర గుర్తు పెడితే ఆ చెరువుకు నీళ్లు వచ్చే పరీవాహక ప్రాంతం గీసి చూపిస్తుంది.

ఉదాహరణకు తూర్పు తీరానికి 80 నుంచి 160 కిలోమీటర్ల లోపలున్న ఓ చెరువుకు సాఫ్ట్‌వేర్ 64 చదరపు కిలోమీటర్లు చూపించిందనుకుందాం. పరీవాహక విస్తీర్ణాన్ని బట్టి వరదను అంచనా వేయడానికి దక్షిణాదిన వాడే రైవ్స్ సూత్రం ప్రకారం గుణకం 8.5 తీసుకుంటే వరద సెకనుకు 136 ఘనపు మీటర్లు. ఇక ఆ చెరువు దగ్గరికి వెళ్లి అలుగు కొలవాలి. పొడవు 40 మీటర్లు, ఊళ్లో పెద్దవాళ్లు చూపించిన వరద గుర్తు అలుగు మీద మీటరు ఎత్తున ఉందనుకుంటే, గుణకం 1.7తో అలుగు వదలగలిగేది 68 మాత్రమే. 136 ఘనపు మీటర్లు నిజంగా వచ్చి ఉంటే ఆ కట్ట ఏనాడో తెగిపోవాలి. మరి తేడా ఎక్కడ?

పై నుంచి నడుచుకుంటూ వస్తే తెలుస్తుంది. మధ్యలో ఓ కాలువ గట్టు సగం నీటిని పక్క వాగులోకి మళ్లిస్తోంది. ఆ గట్టు వెడల్పు కొద్ది మీటర్లే కాబట్టి 30 మీటర్ల గడుల పటంలో అది కనబడలేదు. గట్టును పటంలో గీసి మళ్లీ లెక్కిస్తే పరీవాహక ప్రాంతం 27 చదరపు కిలోమీటర్లు, వరద 76.5 అవుతుంది. అలుగు మీద 8 సెంటీమీటర్లు అదనంగా పారితే అది సరిపోతుంది. పాఠ్యపుస్తకంలోని సూత్రం, ఉపగ్రహ పటం, ఊరి పెద్దల జ్ఞాపకం ఒకదాన్నొకటి సరిచూసుకున్నాయి. దీనికి లైసెన్సు లేదు, సర్వర్ అక్కర్లేదు. బస్సు ఛార్జీ, ఒక పూట నడక చాలు. ప్రతి విద్యార్థికీ వేరే చెరువు ఇవ్వవచ్చు కాబట్టి కాపీ కొట్టే వీలూ లేదు.

మిగతా బ్రాంచీలకూ ఇలాంటి చెరువులున్నాయి. ఎలక్ట్రికల్ విద్యార్థికి హాస్టల్ ట్రాన్స్‌ఫార్మర్, మెకానికల్ విద్యార్థికి పక్క పారిశ్రామికవాడలో మోగుతున్న పంపు బేరింగ్.

బయట ఎలా చేస్తున్నారు

డెన్మార్క్‌లో 1974లో మొదలైన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయంలో సెమిస్టర్‌లో దాదాపు సగం కాలం ఒక నిజమైన సమస్య మీద బృందంగా పనిచేయడానికే పోతుంది. జర్మనీలో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2007లో క్యాంపస్‌లోనే చిన్న కర్మాగారం పెట్టి, యంత్రాల నుంచి వచ్చే కొలతలతో పాఠం చెబుతోంది. ఈ రెండూ మన దగ్గర అచ్చంగా దించుకోదగినవి కావు. వాటి పరీక్షలు వాళ్లే పెట్టుకుంటారు, అనుబంధ కాలేజీల భారం లేదు. మన దగ్గర ఆ వెసులుబాటు స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకుంది. సొంతంగా ప్రశ్నపత్రం తయారు చేసుకునే హక్కు వచ్చాక కూడా వాటిలో చాలా భాగం పాత పేపరు అచ్చునే వాడుతున్నాయంటే, అడ్డంకి నిబంధనల్లో కన్నా అలవాటులో ఎక్కువగా ఉందన్నమాట.

కృత్రిమ మేధ తెచ్చిన ఒత్తిడి

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ల్యాబ్ రికార్డు, మినీ ప్రాజెక్టు రిపోర్టు, దానికి కోడు నిమిషాల్లో తయారవుతున్నాయి. డబ్బిచ్చి ప్రాజెక్టు కొనుక్కునే అలవాటు అంతకు ముందే ఉంది. ఇప్పుడు ఆ డబ్బు కూడా అక్కర్లేదు. రాసి ఇచ్చిన కాగితాన్ని బట్టి మార్కులు వేసే పద్ధతికి ఇక విలువ లేదు. అధ్యాపకుల్లోనూ విద్యార్థుల్లోనూ ఇప్పుడున్న టెన్షన్‌కు మూలం ఇదే.

కాలేజీల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అన్నిటినీ మళ్లీ పెన్ను కాగితం పరీక్షకు తేవడం. ఇది సులువు, నమ్మకమైనది, కానీ ఉన్న కొద్దిపాటి కంప్యూటర్ పనినీ బయటికి నెట్టేస్తుంది. రెండోది, ఏ సాధనమైనా వాడుకోనిచ్చి, ఎగ్జామినర్ ఎదుటే ఒక కొలత మార్చి జవాబు ఎటు కదులుతుందో ముందే చెప్పమనడం. చెరువు ఉదాహరణలో అలుగు పొడవు పది మీటర్లు పెంచితే వరద మట్టం ఎంత తగ్గుతుందని అడిగితే, పని చేసిన విద్యార్థి చేత్తో చెప్పగలడు, చేయని విద్యార్థి తడబడతాడు. ఈ దారికి ఒక్కొక్కరి మీదా పది పదిహేను నిమిషాలు కావాలి. 1:20 నిష్పత్తితో అది కష్టం. 2025ను కృత్రిమ మేధ సంవత్సరంగా ఏఐసీటీఈ ప్రకటించింది. అధ్యాపకుల సంఖ్య పెరగకుండా ఆ ప్రకటన మరికొన్ని కొత్త సబ్జెక్టులతోనే ఆగిపోయే ప్రమాదముంది.

కౌన్సెలింగ్‌లో చూడదగినవి

ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు చాలా కుటుంబాలు బ్రాంచి పేరు, ప్లేస్‌మెంట్ అంకెలు చూసి ఆగిపోతాయి. ఎన్‌బీఏ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాక బ్రాంచి బ్రాంచికీ విడిగా ఇస్తారు కాబట్టి, కావలసిన బ్రాంచికి అది ఉందో లేదో చూడాలి. కోర్ బ్రాంచి తీసుకుంటున్నవారు అక్కడ చదువుతున్న మూడో ఏడాది విద్యార్థిని కలిసి, సిమ్యులేషన్ ల్యాబ్‌లో ఎవరి డేటా మీద పనిచేశారని అడగవచ్చు. ‘అందరికీ ఒకటే ఇచ్చారు, రికార్డులో రాసేశాం’ అన్న జవాబు వస్తే, ఆ ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయన్నది ఇక పెద్దగా చూడనక్కర్లేదు.